ఒకే కార్డు, ఇద్దరు యజమానులు

నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ వైపు పొలములలో ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రింద పలువురి బోరు మోటార్లు నడచుచుండును. అక్కడ ఫ్యూజు తీసినచో ఒక్కరి మోటారు మాత్రమే ఆగదు, అందరివియు ఆగును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో నేటి విషయము సులభముగా బోధపడును.

ఒక కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరును నడుపుట క్రొత్త విద్య కాదు. ఐబిఎం సంస్థవారు 1972లోనే విఎం/370 అను వ్యవస్థను విడుదల చేసిరి. 2007లో లినక్సులో కెవిఎం చేరుటతో ఈ వర్చువల్ మెషీను సామాన్యుని బల్లమీదికిని వచ్చినది. అయితే లోపలి యంత్రమునకు దొరకునది అనుకరణ తెర మాత్రమే. త్రీడీ చిత్రములు దానిపై నత్తనడక నడచును. అందుచే అసలు గ్రాఫిక్స్ కార్డునే దానికి అప్పగింతురు. దీనికే పాస్‌త్రూ అని పేరు. బయటి యంత్రము ప్రాసెసరులోని గ్రాఫిక్సుతో సరిపెట్టుకొనును. ఒక్క కంప్యూటరే కొనగల ఇంటికి ఇది రెండవదాని ఖర్చును తప్పించును.

కాని తొలినాడు పలువురకు కనబడునది నల్లని తెరయే. అప్పుడు తోచిన మార్పులెల్ల చేయక, వాకిలినుండి లోపలికి క్రమముగా వెదకవలెను.

మొదట బయోసు. ఇంటెల్ యంత్రమందు వీటీ-డి, ఏఎండీ యంత్రమందు ఐఓఎంఎంయూ అను సదుపాయము తెరచి యుండవలెను. కార్డు ప్రాసెసరును అడుగకయే మెమరీలో వ్రాయగలదు. తనకిచ్చిన హద్దు దాటకుండ దానిని కాచునది ఈ సదుపాయమే.

రెండవది గుంపు. ఒకే గుంపులోని పరికరములను విడదీయరాదు. మన ట్రాన్స్‌ఫార్మరు న్యాయమే ఇక్కడను. కార్డులోని ధ్వని భాగమును వెంట పంపవలెను. డిస్కు కంట్రోలరు వంటిది ఆ గుంపులోనే ఉన్నచో కార్డును వేరొక స్లాటునకు మార్చి చూడవలెను.

మూడవది డ్రైవరు. బయటి లినక్సు మేలుకొనగానే కార్డును తానే పట్టుకొనును. దానికంటె ముందుగా విఎఫ్ఐఓ డ్రైవరు పట్టునట్లు ఏర్పాటు చేయవలెను.

నాలుగవది లోపలి విండోసు. ఎన్‌విడియా జీఫోర్స్ డ్రైవర్లు చాలకాలము వర్చువల్ మెషీనును గుర్తించి, 43వ సంఖ్య దోషము చూపి మొరాయించెడివి. 2021 మార్చిలో వచ్చిన 465 శ్రేణి డ్రైవరుతో ఆ సంస్థయే అనుమతి నిచ్చినది. కావున ముందు డ్రైవరును క్రొత్తది చేయుడు. కొన్ని ఏఎండీ కార్డులలో మరియొక చిక్కు కలదు: మొదటిమారు చక్కగా నడచి, లోపలి యంత్రమును ఆపి మరల నడిపినచో లేవవు. అప్పుడు మొత్తము కంప్యూటరునే ఆపి తిరిగి నడపవలసి వచ్చును.

చివర ఒక హెచ్చరిక. గుంపులను విడదీసి చూపు ఏసీఎస్ ఓవర్‌రైడ్ అను అతుకు ఒకటి కలదు. అది ప్రతి మోటారునకు వేరు ఫ్యూజు ఉన్నదని కాగితముపై వ్రాసికొనుట వంటిది. కాగితమును నమ్మి తీగ ముట్టినవాని గతి యేమగును? పని జరిగినట్లే కనబడును, కాని నడుమ గోడ ఉన్నదను హామీ లేదు. ఆ యంత్రమందే మీ లెక్కలు, చదువు, ఛాయాచిత్రములు ఉన్నచో ఆ దారి త్రొక్కకుండుటయే మేలు.

ఒకమారు ఒక్క మార్పే చేయుడు. చేసినదానిని పుస్తకములో వ్రాసికొనుడు. నల్లని తెర వెనుక దోషము ఎంత దాగియున్నను, క్రమము తప్పక వెదకువానికి దాని జాడ దొరకుట సులభమగును.