శ్రేఢీ గణితము – ఋణపు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

 

సమానమైన పెంపుతో వరుసగా నడచు సంఖ్యలకు మన పూర్వులు శ్రేఢి యని పేరిడిరి. మొదటి సంఖ్య ఆది, పెంపు చయము, సంఖ్యలెన్నియో తెలుపునది గచ్ఛము. వీని మొత్తమే సర్వధనము. క్రీ.శ. 476లో జన్మించిన ఆర్యభటుడు ఆర్యభటీయమునందును, భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతియందును దీనిని కనుగొను విధమును తెలిపిరి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన పద్యములలో తెలుగు చేసెను. కావున గణితము మన భాషకు క్రొత్త కాదు.

లీలావతి మార్గమిది: గచ్ఛమునుండి ఒకటి తీసివేసి, చయముచే గుణించి, ఆదిని కలుపగా అంత్యధనము వచ్చును. దానికి మరల ఆదిని కూర్చి సగము చేసినచో మధ్యధనము. మధ్యధనమును గచ్ఛముచే గుణించినచో సర్వధనము. మొదటిదానికి ఎంత కొరవడునో చివరిదానియందు అంతయే మిగులును. రెండవదానికి కొరవడినది చివరినుండి రెండవదానియందు మిగులును. ఇట్లు ఎక్కువ తక్కువలు సరిపెట్టినచో అన్నియు మధ్యధనముతో సమానములగును. కిటుకంతయు ఇదియే.

ఇది పండితుల వినోదము మాత్రమేయని తలపవలదు. ఒక రైతు నూటికి నెలకు రూపాయి వడ్డీకి 1,200 రూపాయలు అప్పు తెచ్చి, నెలకు 100 చొప్పున అసలు తీర్చుచున్నాడనుకొందము. నిలువయున్న అసలుపైననే వడ్డీ కట్టినచో మొదటి నెల 12 రూపాయలు, రెండవ నెల 11, ఇట్లు తగ్గుచు చివరి నెల 1 రూపాయి. చివరినుండి చదివినచో ఆది 1, చయము 1, గచ్ఛము 12, అంత్యధనము 12. పండ్రెండును ఒకటియు పదమూడు. అందు సగము ఆరున్నర. దానిని పండ్రెండుచే గుణించిన 78 రూపాయలు.

తీరిన అసలును లెక్కింపక, పండ్రెండు నెలలకును 1,200 మీదనే వడ్డీ కట్టువాడు 144 రూపాయలు వ్రాయును. రెండు లెక్కలయందును నోట పలుకు ధర నూటికి రూపాయియే. భేదము మాత్రము 66 రూపాయలు. నేడు కంతులపై వస్తువులు కొనువారును ఈ భేదము నెరుగవలెను.

లెక్క వ్రాయువాడు సత్యసంధుడగుట మంచిదే. కాని చేవ్రాలు చేయువాడు దానిని సరిచూడగలుగుట అంతకంటె మేలు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు అక్షరమును పంచినది. ఇకమీదట వారమున కొక సాయంకాలము ఇచట లెక్కలకును తావీయవలెనని కార్యనిర్వాహకులను కోరుచు సెలవు తీసికొనుచున్నాను.