ఏడబ్ల్యూఎమ్‌తో అడవిదున్నని ఆపగలమా? ప్రమాదకరమైన వేటకి రైఫిల్, తూటా ఎలా ఎంచుకుంటారు

ఈరోజు టాపిక్ కొంచెం డిఫరెంట్. మీలో చాలామంది పబ్జీ, బీజీఎంఐ ఆడుతూ పెరిగినవాళ్ళే కదా. ఎయిర్ డ్రాప్ పడగానే పరిగెత్తి ఏడబ్ల్యూఎమ్ తీసుకుంటారు, 8ఎక్స్ స్కోప్ పెడతారు, ఒక్క హెడ్‌షాట్, లెవెల్ 3 హెల్మెట్ కూడా అవుట్. సో మనకి తెలియకుండానే ఒక లెక్క బుర్రలో ఫిక్స్ అయిపోయింది. ఎంత పెద్ద గన్ అయితే అంత డ్యామేజ్ అని.

ఇప్పుడు ఆ ఏడబ్ల్యూఎమ్‌ని నిజంగానే మీ చేతికిచ్చి ఆఫ్రికాలో ఒక కేప్ బఫెలో ముందు నిలబెట్టారు అనుకోండి. కేప్ బఫెలో అంటే అక్కడి అడవిదున్న. ముదురు పోతు సుమారు 700 కిలోలు ఉంటుంది. దెబ్బ తగిలి మీ మీదికి వస్తే గంటకి 50 కిలోమీటర్ల స్పీడ్ దాకా అందుకుంటుంది. 30 మీటర్ల దూరంలో పొద నుంచి బయటికొచ్చిందంటే మీ దగ్గర ఉండేది రెండు, రెండున్నర సెకన్లు. రెస్పాన్ ఉండదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇలాంటి వేట నేరం. మన అడవిదున్న షెడ్యూల్ 1 జంతువు, దాన్ని వేటాడితే జైలే. కెన్యా కూడా 1977లో వేట మూసేసింది. సౌతాఫ్రికా, జింబాబ్వే, టాంజానియా, మొజాంబిక్, నమీబియా లాంటి చోట్ల మాత్రం లైసెన్స్, కోటా పెట్టి అనుమతిస్తారు. వేట మంచిదా చెడ్డదా అనేది వేరే ఎపిసోడ్ అంత పెద్ద సబ్జెక్ట్. ఈరోజు మనం మాట్లాడేది ఒక్కటే. అంత పెద్ద జంతువు ముందుకి వెళ్ళే మనిషి ఏ రైఫిల్ పట్టుకెళ్ళాలి, ఎందుకు?

ఇది వేటగాళ్ళకే సంబంధించిన ప్రశ్న కూడా కాదు. రేపు మీరు సౌతాఫ్రికా టూర్‌కి వెళ్ళి క్రూగర్ పార్కులో నడక సఫారీ బుక్ చేశారనుకోండి, మీ ముందు గైడ్లు రైఫిళ్ళు పట్టుకుని నడుస్తారు. వాళ్ళు వేటకి రారు. ఏదైనా జంతువు మీద పడితే మిమ్మల్ని కాపాడటానికి వస్తారు. ఆ చేతిలో ఏముంది అన్నది అప్పుడు మీ ప్రాణానికి సంబంధించిన విషయం.

సరే, ఒక చిన్న క్లారిటీ. మనం తూటా, బుల్లెట్ రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం. ఇక్కడ విడదీసి మాట్లాడదాం. ఇత్తడి కేసు, లోపల మందు, వెనక ప్రైమర్, ముందు బుల్లెట్, మొత్తం కలిపితే తూటా. గాల్లో ఎగిరి వెళ్ళేది బుల్లెట్ ఒక్కటే.

గేమ్‌లో ఏడబ్ల్యూఎమ్ వాడేది .300 మాగ్నమ్. నిజం తూటాలో .300 విన్చెస్టర్ మాగ్నమ్ బుల్లెట్ మామూలుగా 11.7 గ్రాములు, సెకనుకి 900 మీటర్ల దాకా స్పీడ్. శక్తి సుమారు 4700 జౌళ్ళు. ఇక ప్రమాదకరమైన జంతువులకి ఆఫ్రికాలో చాలా చోట్ల కనీస స్థాయిగా చూసేది .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చింది, వందేళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది. దాని శక్తి సుమారు 5700 జౌళ్ళు. చూశారా, తేడా మరీ అంత లేదు. మరి దున్న ముందు అది ఓకే, ఇది ఎందుకు కాదు?

సమాధానం బుల్లెట్‌లో ఉంది. .375 బుల్లెట్ 19.4 గ్రాములు. నెమ్మదిగా వెళ్తుంది, కానీ బరువుగా, పొడుగ్గా ఉంటుంది. దున్న గుండె దగ్గరికి చేరాలంటే మందమైన తోలు, బురద అట్టలు, కండ, ఒక్కోసారి జబ్బ ఎముక, ఇన్ని దాటాలి. తేలిగ్గా, వేగంగా ఉండే మామూలు బుల్లెట్ ఎముకకి తగలగానే ముక్కలైపోవచ్చు. పైన పెద్ద గాయం కనిపిస్తుంది, లోపల ఏమీ జరగదు. జంతువుకి నరకం, వెనక వెళ్ళే మనుషులకి ప్రమాదం.

ఒక మేకు, ఒక గూటం తీసుకోండి. రెండూ ఒకే బరువు అనుకోండి. ఒకే సుత్తితో, ఒకే బలంతో కొడితే ఏది లోపలికి దిగుతుంది? మేకు. ఎందుకంటే అదే బరువు తక్కువ చోటు మీద పడుతోంది. బుల్లెట్‌కి కూడా ఇదే లెక్క, దీన్నే సెక్షనల్ డెన్సిటీ అంటారు. పేరు మర్చిపోయినా పర్లేదు, మేకుని గుర్తుపెట్టుకోండి.

దీనికి మన అప్పటి చిత్తూరు జిల్లా దాకా వచ్చే ఒక ఉదాహరణ ఉంది. కెన్నెత్ ఆండర్సన్ పేరు వినే ఉంటారు. బెంగళూరు మనిషి, దక్షిణాదిలో నరభక్షక పులుల వేట మీద పుస్తకాలు రాశాడు. ఆయన మొదటి పుస్తకంలోనే మన చామల లోయ పులి కథ ఉంటుంది. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండే రైఫిల్ .405 విన్చెస్టర్, మోడల్ 1895. అమెరికా ప్రెసిడెంట్‌గా దిగిపోయిన థియోడర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకి పట్టుకెళ్ళిన రైఫిళ్ళలో ఇదీ ఒకటి. దాని బుల్లెట్ కూడా 19.4 గ్రాములే! .375తో సేమ్ బరువు. కానీ లావుగా, పొట్టిగా, మొద్దు ముక్కుతో ఉంటుంది, స్పీడ్ కూడా తక్కువ. అంటే గూటం. పులి బరువు 200 కిలోల చుట్టుపక్కల, తోలు పల్చన. దానికి ఈ గూటం బాగా సరిపోయింది. అదే 700 కిలోల దున్న జబ్బ ఎముక దాటాలంటే మేకు కావాలి. ఆండర్సన్ రైఫిల్ తప్పు కాదు, ఆయన ఎదురు చూసిన జంతువు వేరు.

ఈ మేకు లెక్కని చివరిదాకా తీసుకెళ్ళిన మనిషి ఒకడున్నాడు. వాల్టర్ బెల్, స్కాట్లాండ్ వాడు. ఉగాండాలో కరమోజా ప్రాంతంలో తిరిగాడు కాబట్టి కరమోజో బెల్ అని పేరు. దంతాల వ్యాపారం కోసం వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. ఈరోజు ఆ నంబర్ వింటే కడుపులో తిప్పుతుంది, అది వేరే విషయం. కానీ అందులో చాలా వాటిని ఏ తుపాకీతో చంపాడో తెలుసా? .275 రిగ్బీ. అంటే 7 మిల్లీమీటర్ల మాజర్ తూటా, జింకల వేటకి వాడే సైజు!

ఎలా? ఏనుగు పుర్రెని రంపంతో కోసి, మెదడు ఎక్కడుందో, ఏ వైపు నుంచి చూస్తే ఎక్కడ ఉంటుందో చదువుకున్నాడు. మొనతో సహా గట్టి లోహం తొడుగు ఉన్న పొడవాటి బుల్లెట్లు వాడాడు. అవి విచ్చుకోవు, వంగవు, తిన్నగా వెళ్తాయి. వీటినే సాలిడ్స్ అంటారు.

బెల్ పేరు చెప్పి ‘చిన్న తూటా చాలు బ్రో’ అనేవాళ్ళు ఇంటర్నెట్ నిండా ఉన్నారు. వాళ్ళు ఒకటి మర్చిపోతారు. బెల్ కాల్చింది ఎక్కువగా తనని ఇంకా గమనించని ఏనుగుల్ని, తనకి నచ్చిన యాంగిల్ దొరికేదాకా ఆగి. కోపంతో మీదికొచ్చే దున్న మీకు యాంగిల్ ఇవ్వదు.

బుల్లెట్ గురించి ఇంకొక్క ముక్క. సాలిడ్ అంత బాగుంటే అన్నిటికీ అదే వాడొచ్చు కదా? వాడొచ్చు, కానీ దున్నలు మందగా ఉంటాయి. సాలిడ్ ఒక దున్నలోంచి దూసుకెళ్ళి వెనకున్న దానికి తగలొచ్చు. ఇప్పుడు గాయపడ్డ దున్నలు రెండు. అందుకే చాలామంది మొదటి షాట్‌కి విచ్చుకునే రకం పెడతారు. మామూలు సాఫ్ట్ పాయింట్ కాదు, లోపలి సీసం, పై తొడుగు విడిపోకుండా అతికించిన బాండెడ్ బుల్లెట్, లేదా పూర్తి రాగి బుల్లెట్. దాని వెనక మ్యాగజైన్‌లో సాలిడ్స్. ఎందుకంటే రెండో షాట్ టైమ్‌కి దున్న తిరిగి పారిపోతూ ఉంటుంది, వెనక నుంచి అంత పొడుగూ దాటి వెళ్ళాలి.

ఇక రీకాయిల్. గేమ్‌లో స్క్రీన్ కొంచెం పైకి లేస్తుంది, అంతే. నిజంగా అయితే భుజం మీద తన్ను. నా సంగతే చెప్తాను. కాలేజీలో ఎన్‌సీసీలో .22 కాల్చి నేను పెద్ద షూటర్ అనుకున్నాను. ఒక క్యాంప్‌లో .303 ఇచ్చారు. మూడు రౌండ్లు కాల్చాక టార్గెట్‌కి బదులు దాని ముందున్న మట్టిని కొడుతున్నాను. మా ఉస్తాద్ ఏమీ అనలేదు, రైఫిల్ తీసుకుని లోడ్ చేసి ఇచ్చాడు. ట్రిగ్గర్ నొక్కాను, ‘టిక్’ అంది. ఖాళీ! కానీ నా భుజం ముందుకి ఎగిరింది, కళ్ళు మూసుకున్నాను, బ్యారెల్ కిందికి వాలింది. అందరూ నవ్వారు. ‘తుపాకీ కాదురా, నువ్వే ముందు పేలుతున్నావ్’ అన్నాడు. దీన్నే ఫ్లించ్ అంటారు.

.375 తన్ను ఆ .303కి రెండింతలు దాటుతుంది. .416 రిగ్బీ ఇంకా ఎక్కువ. అది 1911లో వచ్చింది, 26 గ్రాముల బుల్లెట్, 6900 జౌళ్ళ దాకా శక్తి. .458 లాట్ అయితే నాలుగింతలు దాటుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, కళ్ళు మూసుకుని .458తో పొట్టలో కొట్టడం బెటరా, కళ్ళు తెరిచి .375తో గుండెలో కొట్టడం బెటరా?

అలాగని పెద్ద తూటాలు వేస్ట్ అనుకోకండి. .458 లాట్ పుట్టిన కథే వినండి. 1956లో విన్చెస్టర్ కంపెనీ .458 విన్చెస్టర్ మాగ్నమ్ తెచ్చింది. ఖరీదైన ఇంగ్లీష్ రైఫిళ్ళ పవర్‌ని మామూలు రైఫిల్లో, తక్కువ ధరకి ఇద్దామని. ఐడియా బానే ఉంది. కానీ రెండున్నర అంగుళాల పొట్టి కేసులో అంత మందు పట్టాలంటే నొక్కి కుక్కాలి. అలా కుక్కిన మందు కొన్నిసార్లు గడ్డకట్టి సరిగా మండేది కాదు, చెప్పిన స్పీడ్ రాలేదు. 1959లో మొజాంబిక్‌లో జాక్ లాట్ అనే అమెరికన్ వేటగాడు ఈ .458 పట్టుకునే దున్న మీదికి వెళ్ళి, దాని చేతిలో గట్టిగా దెబ్బతిన్నాడు. బతికి బయటపడ్డాక కేసుని 2.8 అంగుళాలకి పెంచి కొత్త తూటా తయారుచేశాడు. అదే .458 లాట్. డబ్బా మీద రాసిన నంబర్, బ్యారెల్లోంచి నిజంగా వచ్చే నంబర్ ఒకటి కాకపోవచ్చు అని ఒక మనిషి ఒంటి మీద రుజువైంది.

ఇక రైఫిల్. గేమ్‌లో ఏడబ్ల్యూఎమ్ దొరికితే కార్98 పడేస్తాం కదా? దున్న ముందు సీన్ రివర్స్. కార్98 అంటే జర్మన్ మాజర్ 98. ఇప్పటికీ ఈ వేటకి నమ్మే బోల్ట్ రైఫిళ్ళలో చాలావాటికి మూలం దాని డిజైనే. బోల్ట్ పక్కన పొడుగాటి స్ప్రింగ్ కొక్కెం ఒకటి ఉంటుంది. తూటా మ్యాగజైన్ నుంచి పైకి లేవగానే దాని అంచుని పట్టేసుకుంటుంది, కాల్చి బయట పడేసేదాకా వదలదు. ఆ కొక్కెం లేని రకంలో తూటాని ఊరికే ముందుకి నెడతారు. కంగారులో బోల్ట్ సగం నెట్టి వెనక్కి లాగారా, ఆ తూటా అక్కడే ఉండిపోతుంది, వెనక ఇంకోటి వచ్చి దానికి గుద్దుకుంటుంది. జామ్. మీకున్నది రెండు సెకన్లు. 1964లో విన్చెస్టర్ ఖర్చు తగ్గించడానికి మోడల్ 70లో ఈ కొక్కెం తీసేస్తే వేటగాళ్ళు గోల చేశారు. 1964కి ముందు తయారైనవాటికి రేటు పెరిగిపోయింది. 1990ల్లో కంపెనీ మళ్ళీ పాత పద్ధతికి వచ్చింది.

రెండో రకం డబుల్ రైఫిల్. రెండు బ్యారెల్స్, రెండు ట్రిగ్గర్లు. ఒకటి పేలకపోతే రెండోది ఉంది, బోల్ట్ లాగే పనే లేదు. ఆ రెండో షాట్ అంత ఫాస్ట్‌గా ఇంకేదీ ఇవ్వదు. కానీ ఉన్నవి రెండే, మంచి ఇంగ్లీష్ కంపెనీది కొత్తది కోటి రూపాయలు దాటుతుంది. వీటి తూటాల చరిత్రలో మన దేశం పేరు కూడా ఉంది. 1898లో వచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ ఇక్కడ బాగా నడిచేది. పాత సైనిక రైఫిల్ మార్టిని హెన్రీ కూడా .450 సైజే కదా, తిరుగుబాటు చేసేవాళ్ళు ఆ బుల్లెట్లు వాడుకుంటారేమోనని 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాకి, సూడాన్‌కి .450 దిగుమతి ఆపేసింది. దాంతో కంపెనీలు .465, .470, .475 అంటూ పక్క సైజుల మీద పడ్డాయి. అందులో .470 ఇప్పటికీ ఆఫ్రికాలో డబుల్ రైఫిళ్ళకి ఫేవరెట్.

స్కోప్ గురించి రెండు ముక్కలు. 8ఎక్స్ మర్చిపోండి. కాల్చేది 100 మీటర్ల లోపు, ఎక్కువసార్లు 50 లోపు. 1 నుంచి 4 రెట్లు చూపించేది చాలు, దాన్ని చిటికెలో ఊడదీసే మౌంట్ ఉండాలి. పొదల్లోకి వెళ్ళాల్సి వస్తే స్కోప్ తీసి జేబులో పెట్టుకుంటారు.

మరి ఏది కొనాలి అన్నా, అంటారా? అక్కడికి వెళ్ళే గెస్ట్‌కి కొక్కెం ఉన్న బోల్ట్ రైఫిల్, .375 హెచ్ అండ్ హెచ్. దాన్ని బాగా ప్రాక్టీస్ చేసి, ఉస్తాద్ ఖాళీ తూటా పరీక్ష పాసై, ఇంకా తన్ను తట్టుకోగలను అంటే .416. అంతకు మించి వద్దనే నా ఒపీనియన్. పక్కన వచ్చే ప్రొఫెషనల్ హంటర్ చేతిలో మాత్రం .458 లాట్, .470 లాంటివి ఉండాలి. గెస్ట్ పని మొదటి షాట్ సరిగ్గా పెట్టడం. అతని పని గెస్ట్ తప్పు చేశాక మీదికొచ్చేదాన్ని ఆపడం. పని వేరు కాబట్టి తూటా వేరు.

ఇంకో మనిషి ఉన్నాడు. ఫోటోల్లో చివర్న నిలబడతాడు, పేరు ఎవరూ రాయరు. ట్రాకర్, అంటే జాడ పట్టేవాడు. గెస్ట్ పొట్టలో కొట్టిన దున్న దట్టమైన పొదల్లోకి వెళ్ళిపోతే, నేల మీద రక్తపు చుక్కలు చూసుకుంటూ అందరికంటే ముందు నడిచేది అతనే. తల కిందికి వంచి నడుస్తాడు, ఎదురుగా ఏముందో చూడలేడు. దున్న తన జాడ పక్కనే పొదలో కదలకుండా నిలబడి ఉండొచ్చు. అతని చేతిలో చాలాసార్లు ఒక కర్ర మాత్రమే ఉంటుంది. నేను తట్టుకోలేని తూటా నేను ఎంచుకుంటే, దాని బిల్లు కట్టేది ముందు అతను.

ఓకే ఫ్రెండ్స్, డౌట్స్ ఉంటే కామెంట్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మాజర్ 98 బోల్ట్‌ని విడదీసిన బొమ్మలతో ఆ కొక్కెం ఎలా పనిచేస్తుందో చూపిస్తాను. ఉంటాను.