రహదారి అంచున ఆగిన లారీ
(పంచాయతీ సభ్యుల సమావేశమునందలి ప్రసంగ పాఠము)



మన లేపాక్షి బసవన్న సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు గల ఏకశిలా విగ్రహము. పగటివేళ ఎంతో దూరము నుండి కనిపించును. చీకటి రాత్రి దీపము లేనిచో అంతటి విగ్రహమైనను దగ్గరకు పోవువరకు కంటికి ఆనదు. కొడికొండ వైపు జాతీయ రహదారి అంచున దీపము లార్పి నిలిపిన సరకు లారీయు అట్టిదే. భేద మేమనగా, దాని వెనుక వాహనములు గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చుచుండును.

బెంగళూరు – హైదరాబాదు నగరములను కలుపు ఈ రహదారిని పూర్వము 7వ నంబరు రోడ్డు అనెడివారు. ఇప్పుడది 44వ నంబరు. 80 కిలోమీటర్ల వేగమున బండి సెకండుకు 22 మీటర్లు పోవును. డ్రైవరు అడ్డు చూచి బ్రేకు తొక్కుటకు రెండు సెకండ్లు పట్టినచో 44 మీటర్లు గడచిపోవును. పిమ్మట బరువు బండి నిలుచుటకు ఇంకను చాల దూరము కావలెను. కాబట్టి ఆగిన లారీకి పది అడుగుల వెనుక రాయి పెట్టినందువలన రక్షణ కలుగదు.

నిద్రకు, టీకి రోడ్డు మార్జిను స్థలము కాదు. పెట్రోలు బంకు వద్దనో, లారీల కొరకు ఏర్పరచిన చోటనో ఆపవలెను. బండి చెడి ఆగక తప్పనిచో, వీలైనంత ఎడమకు తీసి, మిణుకు లైట్లు వేయవలెను. ఎఱ్ఱని త్రికోణపు పలకను కనీసము 50 మీటర్లు, అనగా సుమారు డెబ్బది అంగలు, వెనుకకు పోయి నిలుపవలెను. మలుపు ఉన్నచో పలకను మలుపునకు ముందే నిలుపవలెను. డ్రైవరు, క్లీనరు రోడ్డు వైపు నిలువక, 1033కు ఫోను చేయవలెను. బండి కదలిన పిదప పెట్టిన రాళ్లను, కొమ్మలను తప్పక తీసివేయవలెను. మరచిన రాయి మోటారు సైకిలుపై వచ్చు మన బిడ్డనే పడవేయవచ్చును. అపాయకరముగ బండిని విడుచుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 122వ సెక్షను ప్రకారము నిషిద్ధము.

ఇందులో పంచాయతీల పని యేమి? లారీని ఆపునది డ్రైవరు ఒక్కడే కాదు. అంచుననున్న టీ కొట్టు కూడ ఆపును. జాతీయ రహదారి స్థలమును అనుమతి లేక ఆక్రమించుట 2002 నాటి చట్టమునకు విరుద్ధము. అయినను వాన లెరుగని ఈ సీమలో ఆ కొట్టు ఒక కుటుంబమునకు అన్నము పెట్టుచున్నది. దానిని తీసివేయుడనుట సులభము. ఆ కుటుంబమునకు వేరు దారి చూపుట మన ధర్మము. రోడ్డుకు ఎడముగా, లారీలు లోపలికి వచ్చి నిలుచుటకు చాలినంత చోటును గ్రామసభలో నిర్ణయించి, కొట్లను అచ్చటికి మార్చుకొనునట్లు చేయవలెను. దారి కలుపుటకును, దీపములకును రహదారి అధికారులకు తీర్మానము పంపవలెను. వేరుశనగ, రాగి పంటలను రోడ్డుపై ఆరబోయవద్దని దండోరా వేయింపవలెను.

ప్రమాదము జరిగినచో 108కి చెప్పి, రోడ్డు మధ్య గుమికూడక, గాయపడినవారిని కాపాడుడు. సద్బుద్ధితో సాయపడువారికి 2019లో చేర్చిన 134ఎ సెక్షను రక్షణ యిచ్చుచున్నది. కేసులకు భయపడ నక్కరలేదు.

బసవన్న కదలక కూర్చున్న చోటు మన సీమకు శోభ. లారీ కదలక నిలుచు చోటు ఎవరి యింటికిని శోకము కాకుండ చూచుట మన చేతిలో నున్నది.