సూదిమందు అనిన భయమేల?

మధుమేహమునకు చికిత్స అనగానే మన యిండ్లలో రెండు మాటలు వినవచ్చును. మాత్రలతో గడచినంతకాలము భయములేదనునది ఒకటి. ఇన్సులిన్ మొదలుపెట్టిన ఇక పని అయిపోయినదనునది రెండవది. ఈ రెండవ మాటను వ్యాపింపజేసినవారిలో వైద్యులమైన మేమును ఉన్నాము. "పథ్యము చేయకున్న సూది వేయవలసివచ్చును, జాగ్రత్త" అని బెదరించుట మాలో పలువురికి అలవాటు. నేనును బెదరించితిని.

అరువది దాటిన యొక పల్లెటూరి గృహిణితో, "అమ్మా, ఈమారు చక్కెర తగ్గకున్న సూదియే" అంటిని. ఆమె ఏడాదివరకు మరల రాలేదు. వచ్చునప్పటికి కుడికాలి బొటనవ్రేలు నల్లబడియుండెను. దానిని తీసివేయక తప్పలేదు. "సూది వేయుదురని రాలేదు నాయనా" అని ఆమె చెప్పినప్పుడు నాకు బదులు తోచలేదు.

నిజమునకు ఇన్సులిన్ శిక్ష కాదు. 1922 జనవరిలో టొరంటో నగరమున లియోనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి దీనిని మొట్టమొదట ఇచ్చిరి. అంతకుముందు ఇట్టి బాలురకు వైద్యులు చేయగలిగినది తిండి తగ్గించి మరణమును కొన్నాళ్లు వాయిదా వేయుట మాత్రమే. తొలిసారి యిచ్చిన మందు శుద్ధము కానందున సరిగా పనిచేయలేదు. 12 దినములకు శుద్ధిచేసి మరల ఇచ్చిరి. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించెను.

క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయలేని మొదటి రకపు వ్యాధికి నేటికిని ఇదియే ఆధారము. పసరుమందులను నమ్మి దీనిని మానుట ప్రాణాపాయకరము. పెద్దలలో ఎక్కువగా కనబడు రెండవ రకము వేరు. ఇందు ఇన్సులిన్ ఉండియు శరీరము దానిని చక్కగా వినియోగించుకొనజాలదు. క్రమముగా ఆ ఉత్పత్తియు తగ్గిపోవును. కాబట్టి ఆహారనియమము, నడక ఆరంభమునుండి కడవరకు ఉండవలసినవే. వానికి తోడు సాధారణముగా మొదట ఇచ్చునది మెట్‌ఫార్మిన్. గాలెగా అను ఐరోపా మొక్కలోని పదార్థములపై జరిగిన పరిశోధనలే దీనికి మూలము. 1957లో ఫ్రాన్సు వైద్యుడు ఝాన్ స్టెర్న్ దీని ఉపయోగమును ప్రకటించెను. గుండెను, మూత్రపిండములను కూడ కాపాడు మాత్రలు తరువాత వచ్చినవి. ఆకలిని, బరువును తగ్గించు వారపు సూదులును కలవు. అవి ఇన్సులిన్ కావు.

ఇన్ని యుండియు కొన్నియేండ్లకు మాత్రలు చాలకపోవచ్చును. అది రోగి చేసిన తప్పు కాదు, క్లోమము అలసినదనుటకు గుర్తు. శస్త్రచికిత్స వేళను, గర్భిణీ దశలోను, తీవ్రమైన జ్వరములోను కొంతకాలము మాత్రమే ఇన్సులిన్ వాడి, పిదప మానుటయు కలదు. ఒకసారి వేసిన జన్మాంతము వదలదనుట అందరి విషయమున నిజము కాదు.

భయము వలదు గాని జాగ్రత్త వలయును. సీసాపై 40 యూనిట్లని యున్న, 40 గుర్తుగల సిరంజియే వాడవలెను. 100 దానితో కలిపిన మోతాదు తారుమారగును. సూది వేసికొని భోజనము మానరాదు. చెమట, వణుకు, అమితమైన ఆకలి, తికమక కలిగిన చక్కెర పడిపోవుచున్నదని గ్రహించి, మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగి, పావుగంటకు మరల పరీక్షించుకొనవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

వ్రేలు పోగొట్టుకొనిన ఆ తల్లి ఇప్పుడు తన సూది తానే వేసికొనుచున్నది. ఆమె నన్నడిగినది నొప్పిని గూర్చి కాదు, "మా యింట ఫ్రిజ్ లేదే, మందు ఎక్కడ పెట్టను?" అని. తెరవని సీసాకు 2 నుండి 8 డిగ్రీల చల్లదనము వలయును, గడ్డకట్టనీయరాదు. వాడుకలోనున్న సీసా ఎండ తగులని చల్లనిచోట సుమారు నాలుగు వారములు నిలుచును. మన వేసవికి ఉపాయమొకటి చెప్పితిని: పెద్ద మట్టికుండలో తడియిసుక పోసి, అందు చిన్నకుండను దించి, సీసాను దానిలోనుంచి, గాలి వీచు నీడపట్టున పెట్టి, ఇసుకను ఆరనీయకుండుట. ఆమె ఆ కుండను వంటయింటి కిటికీ ప్రక్కన పెట్టుకొన్నది.