తానం కుర్చీ కొనే ముందు

బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటిదాకా విన్నరు. నేను స్నానం గురించి మాట్లాడుత. నవ్వకండి.

మన ఇండ్లల్ల పక్షవాతం వచ్చిన మామ ఉన్నడు, తుంటి ఎముక విరిగిన అత్త ఉన్నది. మన నల్లగొండ జిల్లాకు ఫ్లోరైడ్ బాధ కొత్తది కాదు. భగీరథ నీళ్లు వచ్చినా, బిగుసుకుపోయిన కీళ్లు మళ్ల వంగవు కదా. ఇసుంటోళ్లను పీట మీద కూర్చోబెట్టి లేపేసరికి కోడలి నడుము పోతది. రోజూ చేసే తానం వారానికొకసారి అయితది. కొందరు ముసలోళ్లు బాత్రూంకు పోవాలంటే భయపడి నీళ్లు తాగుడే తగ్గిస్తరు. ఈ సంగతి ఎవ్వరూ బయటికి చెప్పరు.

చాలామంది ఇంట్ల ఉన్న ప్లాస్టిక్ కుర్చీనే బాత్రూంల వేస్తున్నరు. తడి టైల్స్ మీద దాని కాళ్లు విచ్చుకుంటయి. మనిషి చేతుల మీద బరువేసి లేచేటప్పుడే పడేది. అల్యూమినియందో స్టీలుదో, కాళ్లకు రబ్బరు బుష్‌లు, సీటుకు నీళ్లు పోయే రంధ్రాలు ఉన్నది తీసుకోండి. ఇనుముది తుప్పు పడతది. అన్నిటికంటే ఎత్తు ముఖ్యం. కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలె, మోకాళ్లు తుంటి కంటే పైకి లేవొద్దు. మోకాలి వెనుక నుంచి నేల దాకా దారంతో కొలిచి, ఆ దారం పట్టుకొని మిర్యాలగూడ షాపుకు పోండి. కాళ్ల ఎత్తు మార్చుకునేది దొరికితే ఇంకా మంచిది. తుంటి ఆపరేషన్ అయినోళ్లకు ఎంత ఎత్తు కావాలో డాక్టర్‌నే అడగాలె.

పక్షవాతం ఉన్నోళ్లకు ఉత్త స్టూలు పనికిరాదు. వెనుక ఆనుడు, రెండు పక్కల చేతులు ఉండాలె. గోడకు బిగించే కడ్డీ బాగున్న చెయ్యి వైపే పెట్టించండి. తువ్వాల వేసే రాడ్డు మనిషి బరువు ఆపదు, ఊడొస్తది. మేస్త్రీతోని ఇటుక గోడకు గట్టి బోల్టులు కొట్టించండి.

బకెట్‌ను కూడా స్టూలు మీద పెడితే వంగే పని ఉండదు. ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు కలపండి. షుగర్‌తో కాళ్లు మొద్దుబారినోళ్లకు కాలింది తెల్వదు, అందుకే నీళ్లు మీరే మోచేత్తో చూడండి. హీటర్ రాడ్డు ప్లగ్గు పీకినంకనే మనిషిని లోపలికి తీసుకపోండి.

మామకు కోడలు తానం చేయించాలంటే ఇద్దరికీ సిగ్గే. సరైన కుర్చీ, పొడుగు పిడి ఉన్న మగ్గు ఉంటే సగం పని ఆయనే చేసుకుంటడు. నా లెక్కల ఆ కుర్చీకి పెట్టిన పైసలు ఇక్కడనే వసూలైతయి.

అందరూ కొననక్కర్లేదు. 60 ఏండ్లు దాటిన పేదోళ్లకు కేంద్రం 2017ల తెచ్చిన వయోశ్రీ పథకం ఉంది, కమోడ్ కుర్చీలు కూడా అందుల ఉన్నయి. 40 శాతం వైకల్యం ఉన్నోళ్లకు ఎడిప్ పథకం ఉంది. క్యాంపు పెట్టినప్పుడు ఆధార్, రేషన్ కార్డు, సదరం సర్టిఫికెట్ తీసుకొని పోండి.

ఇంకొక మాట. ఎముక విరిగినోళ్లకు కుర్చీ కొన్ని నెలలే కావాలె, తర్వాత అటక మీద పడుంటది. ఒక్కో గ్రామ సంఘం రెండు కుర్చీలు కొని, అవసరమున్న ఇంటికి ఇచ్చి, పనైనంక కడిగి తెప్పించుకోవచ్చు. వచ్చే నెల సమావేశం ఎజెండాల ఇది రాయాలని మన కార్యదర్శిని కోరుతున్న.