మెరుపుపోటునకు కాపలా డయోడు
(పాఠశాల విజ్ఞాన సంఘమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన పిదప కోయంబత్తూరు మిల్లులకును, బావులమీది పంపుసెట్టులకును విద్యుత్తు వచ్చినది. ఇక్కడను, మధుర ప్రాంతమునను మన తెలుగు కుటుంబములు పెక్కు మోటారు పనిని, లేతు పనిని నేర్చినవి. ఆ విద్య మన యిండ్లలో తెలుగు మాటలతోనే నడచినది. కనుక క్రొత్త పరికరమును గూర్చియు తెలుగుననే ముచ్చటింతము.

నిరుడు మన విద్యార్థులు పంపుసెట్టును తనంతట నడపు పెట్టె నొకటి కూర్చిరి. మెరుపుపోటునుండి రక్షణకై అందు టి.వి.ఎస్. డయోడు నుంచిరి. "ఇంటి కరెంటు 230 వోల్టులే గదా" యని 230 వోల్టులదే తెచ్చిరి. మేమును సరియే యంటిమి. స్విచ్చి వేసిన కొన్ని క్షణములలో డయోడు కాలి ఫ్యూజు పోయినది. తప్పు పిల్లలది కాదు. చూచి ఒప్పుకొన్న మాది.

"అయ్యా, శిఖరపు లెక్క వేయలేదు గదా!" అని పదునొకండవ తరగతి బాలిక యొకతె పట్టుకొన్నది. ఏ.సి. 230 వోల్టులైనచో అల శిఖరమున 325 అగును. సరఫరా నూటికి 10 పాళ్లు పెరిగినచో 358 అగును. మామూలు వేళ డయోడు ఊరకుండి, పోటు వచ్చినపుడే దానిని తనగుండా మళ్లింపవలెను. కావున దాని స్టాండ్-ఆఫ్ వోల్టేజి 358కి మించి, 400 ఉండుట మేలు. ఏ.సి.కి రెండు దిశలలో పనిచేయు రకమే కావలెను.

రెండవ ప్రశ్న: 400 వోల్టుల డయోడు నిండు పోటును సుమారు 648 వోల్టులవద్ద అదుపు చేయును. వెనుకనున్న భాగము దాని నోర్చునా? 600 వోల్టుల ట్రాన్సిస్టరు ఓర్వదు. 800 వోల్టులది ఓర్చును.

మూడవది: 1500 వాట్లదని మురియరాదు. 1500ను 648చే భాగింపుడు. మిల్లీసెకండు పోటున అది ఓర్చునది 2.3 ఆంపియరులే. మెరుపుపోటు వందల ఆంపియరులు తేగలదు. అందుచే ముందు ఫ్యూజు, తరువాత పెద్ద కాపలాగా వారిస్టరు, ఆపై చిన్న తీగచుట్ట, చివర డయోడు ఉండవలెను. డయోడు చెడినపుడు సాధారణముగా షార్టగును. ఫ్యూజు లేనిచో అగ్నిభయము.

ఈ లెక్కతో మరల కూర్చిన పెట్టె కార్తికమాసపు ఉరుముల వానలకు నిలిచినది. పరికరముపై వ్రాసిన అంకెను నమ్ముటకు ముందు ఈ మూడు ప్రశ్నలు వేయుడు. గురువు ఒప్పుకొన్న లెక్కనైనను మరల వేసి చూడుడు. మా లెక్క తప్పని మాతృభాషలో నిర్భయముగా చెప్పిన బాలికకు మా ఆశీస్సులు.