రెండు విశ్వాసములు, ఒక్క గడి

పట్టభద్రులారా, చిరకాలముగా నా మనస్సును కలచుచున్న విషయమొకటి కలదు.

దివిసీమలో ఉపాధ్యాయుడనై యుండగా 1981 జనాభా లెక్కలకు నన్ను ఎన్యూమరేటరుగా వేసిరి. ఒక దళితపేటలోని గృహిణి ఆదివారము ప్రార్థనకు పోవును, జాతరనాడు అమ్మవారికి పొంగలి పెట్టును, పీర్ల పండుగకు బిడ్డ నుదుట ఊది పెట్టించును. మతమేదని యడిగితిని. "ఏది రాస్తే పిల్లోడి చదువుకి అడ్డం రాదో అది రాయండి, మేష్టారూ" అనెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసెను; అది 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడెనే గాని నేటికిని క్రైస్తవులకు విస్తరింపబడలేదు. కావున ఆ తల్లి మాటలో కపటము లేదు, కడుపుతీపి కలదు.

పిమ్మట గుడివాడలో నా విద్యార్థిని యొకతె కులధ్రువపత్రమునకు పోగా, ఒక యధికారి ఆమె మెడలోని శిలువను చూపి, "అది తీసి రా" అనెను. ఆ పిల్ల తీసినది. ఆ సంగతి తలచినపుడెల్ల నాకు నేటికిని కోపము వచ్చును.

కాని మన యీ బందరు చరిత్ర వేరు. ఇచ్చట 1862లో జన్మించిన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ఇచ్చటి నోబుల్ కళాశాలలో బోధించి, బ్రహ్మసమాజమును ఆశ్రయించిరి. ఇచ్చటి హిందూ కళాశాలలో బోధించిన గోరాగారు 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును నెలకొల్పియు, సత్యమే దేవుడని నమ్మిన గాంధీగారితో కలిసి అస్పృశ్యతా నివారణకు పాటుపడిరి. వేర్వేరు దారుల విశ్వాసమును, అవిశ్వాసమును కూడ భరించిన యూరు మనది.

నాయనలారా, అమ్మలారా, మీలో పలువురు పూజను, ప్రార్థనను విడిచితిరి. విడువుడు, అది మీ స్వాతంత్ర్యము. కాని సెలవులకు ఇల్లు చేరి, "ఏదో ఒకటే నమ్మవే" అని అమ్మమ్మను నిలదీయుటకు మీకు పట్టా ఎవరిచ్చిరి? మతము తెలుపని ఇరువదియెనిమిది లక్షల పైచిలుకు జనులకు 2011 లెక్కలలో ఒక వరుస కలదు. రెండు మతముల దైవములను కొలుచు అమ్మమ్మకు అట్టి వరుస లేదు. ఏమియు నమ్మని మీకు చోటిచ్చిన కాగితము, ఎక్కువ నమ్మిన యామెకు ఇయ్యలేదే!

2027 జనగణనకు మీలో ఉపాధ్యాయులైనవారు ఇల్లిల్లు తిరుగవలసి రావచ్చును. ఇంటివారు చెప్పిన మతమునే వ్రాయుట నియమము. వ్రాయుడు; తర్కింపకుడు, దిద్దకుడు, ఎవరి మెడవంకను చూడకుడు.